మా మావయ్య పేజీ ఎందుకు కనబడలేదంటే

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. రాదా మరి? వేసవి సెలవుల్లో హాయిగా ఫ్యాను కింద పడుకోకుండా మా మావయ్యకి బ్లాగు పెట్టిస్తానని మాటిచ్చాను చూడండి, అందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

నా పేరు పద్మకుమారి. నరసన్నపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది. మా ఆయన గోవింద్‌కి విశాఖలో షిఫ్టు డ్యూటీ, ఆదివారాలు వస్తాడు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో నేనూ, మావయ్యా. ఆయన పేరు జగన్నాధం. ముప్పై ఏళ్ళు ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశాడు. నరసన్నపేట నుంచి బొబ్బిలి, బొబ్బిలి నుంచి నరసన్నపేట, అదే ఆయన చూసిన లోకం.

మే నెల మధ్యలో ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగు నోటుబుక్కు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"కుమారీ, ఇంటర్నెట్టుల మనకో బోర్డు పెట్టుకోడానికి అవుతాదేటమ్మా?"

"ఫేస్‌బుక్కులో రాయండి మావయ్యా. రెండు నిమిషాల పని."

"అందల బొటనేళ్ళెత్తుతారు. నాకు బొటనేళ్ళొద్దు. బస్టాండుల టైముల బోర్డు ఉన్నాది కదా, అలగ ఉండాల. రాసింది రాసినట్టు ఉండాల, సదివినోళ్ళు సదువుకోవాల."

అక్కడ నా తెలివి ఊరుకోలేదు. దానికి స్టాటిక్ సైట్ జనరేటర్ అని ఒకటి ఉంది మావయ్యా అన్నాను. మనం రాయాల్సింది మామూలు ఫైల్లో రాసుకుంటాం. ఒక్క ఆదేశం ఇస్తే ఆ జనరేటర్ ఫైళ్ళన్నిటినీ వెబ్ పేజీలుగా వండి ఒక ఫోల్డర్లో పెడుతుంది. ఆ ఫోల్డర్ని నెట్టులోకి ఎక్కిస్తే అదే సైటు. లైకులుండవు, కామెంట్లుండవు, ప్రకటనలుండవు. ఈ పాఠం పిల్లలకి ఏటా చెబుతాను. చెప్పడమే గానీ నేను సొంతంగా ఒక్కటంటే ఒక్క సైటు కట్టిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

తర్వాత నోటుబుక్కు తెరిచాను. రాసి ఉన్నవి రెండే పేజీలు, అవీ కూర్మయ్య గురించి. మావయ్య బస్సుకి కూర్మయ్య డ్రైవరు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే బస్సులో తిరిగారు, ఒకే క్యారేజీలో తిన్నారు. పంతొమ్మిదేళ్ళ కిందట రాజాం దాటాక ఒక స్టేజీ దగ్గర తవిటమ్మ అనే ముసలావిడ వంకాయల గంపతో దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగా బస్సు కదిలిపోయింది. ఆవిడ పడింది. వెనక చక్రం కాలి మీంచి పోయింది. బతికింది గానీ మరి సరిగ్గా నడవలేదు.

ఆ బస్సులో తాడు గంట ఉండేది. కండక్టరు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పోనిమ్మని. "గంట కొట్టాడు బాబూ, కొడితేనే కదిపాను" అని కూర్మయ్య ఓనరు ముందు మొత్తుకున్నాడు. "నాను కొట్టనేదు, ఆడే కదిపేసాడు" అన్నాడు మావయ్య. ఓనరు మావయ్యనే నమ్మాడు. కూర్మయ్య ఉద్యోగం పోయింది. మళ్ళీ స్టీరింగు పట్టలేదు, రైసుమిల్లులో కాపలాకి కుదిరాడు. ఊళ్ళో ఆయన పేరు 'కాలిరిసిన కూర్మయ్య' అయి కూర్చుంది. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నేనూ ఆ పేరే విన్నాను, అందరితో పాటు నేనూ అన్నాను.

మావయ్య రెండో పేజీ చివర ఇలా రాశాడు: "గంట కొట్టింది నేనే. అప్పుడు వెనక సీటు దగ్గర టిక్కెట్లు చింపుతున్నాను. గుమ్మం వేపు చూడకుండా తాడు రెండుసార్లు లాగాను. ఉద్యోగం పోతుందని భయపడి అబద్ధం ఆడాను. కూర్మయ్య తప్పు లేదు."

ఆ ముక్క మళ్ళీ చదివాను. 

"మావయ్యా, కూర్మయ్యగారి ఇల్లు ఇక్కడికి మూడు వీధులు. వెళ్ళి ఈ మాట చెప్పొచ్చు కదా!"

"నోరు రాదమ్మా" అన్నాడు తల దించుకుని. "బేగి రాసి పెట్టీ. జూన్ పదో తారీకు మంగళవారం లోపల."

ఆ మంగళవారం సంగతి ఏమిటంటే, కూర్మయ్య మనవడు ధర్మేంద్ర ఒక స్కూలు వ్యాను డ్రైవరు పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. లైసెన్సు ఉంది, చెయ్యి నిదానం, మనిషి బుద్ధిమంతుడు. కానీ కొందరు తల్లిదండ్రులు "కాలిరిసినోడి మనవడి సేతిల పిల్లల్ని ఎలగ పెడతాం" అని పేచీ పెట్టారు. బడులు తెరిచేది జూన్ పన్నెండున. పదో తారీకు మంగళవారం మీటింగు పెట్టి తేలుస్తామని స్కూలువాళ్ళు అన్నారు. ఆ లోపల ఈ రెండు పేజీలు ఊళ్ళోవాళ్ళ ఫోన్లలో కనబడాలి. లేకపోతే తాత పేరు మనవడికి కూడా అంటుకుంటుంది.

సరే, మొదలుపెట్టాను. మొదటి థీములో పైన మంచు కొండలు, పక్కన కాఫీ కప్పు. "ఈ కప్పు ఎవులిదమ్మా?" అని మావయ్య మూడుసార్లు అడిగాడు. తీసేశాను. రెండో థీములో తెలుగు ఒత్తులన్నీ కింది లైనులో ఇరుక్కుపోయాయి. మూడోది వేస్తే, జనరేటర్ పాతదయింది, కొత్త వెర్షను తెచ్చుకోమంది. కొత్త వెర్షను తెస్తే, థీము పాతదయిపోయింది, మార్చుకోమంది. "నీ జిమ్మడిపోను! ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి" అని లాప్‌టాప్‌నే తిట్టాను. ఈ గొడవలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోతే, ఫోన్లోంచి నెట్టు తీసుకుని, చెమటలు తుడుచుకుంటూ కూర్చునేదాన్ని.

తన పేజీని మాత్రం మావయ్య తానే కొట్టాడు. ఒక్క వేలితో ఎనిమిది రోజులు. ప్రతి ఫైలు మొదట్లో మూడేసి గీతల మధ్య రెండు లైన్లుంటాయి, పేజీ పేరూ తేదీ.

"ఈ తేదీ ఏటి?" అని అడిగాడు.

"పేజీ బయటికొచ్చే తేదీ. మీ ఇష్టం, వేసుకోండి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

జూన్ మూడున నాలుగో థీము కుదిరింది. పరీక్షకని నేను పెట్టిన 'నమస్కారం' అనే పేజీ చక్కగా వచ్చింది. పక్కనే ఉండాల్సిన మావయ్య పేజీ రాలేదు.

తప్పుంటే తిట్టాలి కదా! తిడితే నేను పడతాను, దిద్దుకుంటాను. ఈ జనరేటర్ తిట్టదు. పని అయిపోయింది, నలభై మిల్లీసెకన్లు పట్టింది అని మర్యాదగా చెప్పి ఊరుకుంటుంది. ఫైలు పేరు మార్చాను. ఫోల్డరు మార్చాను. థీము తీసి మళ్ళీ వేశాను. సెట్టింగుల ఫైలు మొత్తం చెరిపి మొదట్నుంచి రాశాను. జనరేటర్‌నే పీకేసి మళ్ళీ ఎక్కించాను. తెలుగు అక్షరాలు దానికి గిట్టడం లేదేమోనని మావయ్య రాసింది తీసి 'నమస్కారం'లో అతికించి చూశాను, వచ్చింది. అలాగే వదిలెయ్యడానికి నా పంతం ఒప్పుకోలేదు, మరి దాని సొంత ఫైల్లో ఎందుకు రాదు? మళ్ళీ పీకేశాను. గోవింద్‌కి ఫోను చేస్తే, "ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యి కుమారీ" అన్నాడు. పెట్టేయ్ ఫోను అన్నాను.

ఆ అయిదారు రోజులూ ఇంట్లో వంట ఎలా అయిందో నాకు తెలీదు. ఒక రోజు పప్పులో ఉప్పు వెయ్యలేదు, ఒక రోజు రెండుసార్లు వేశాను. మావయ్య ఏమీ అనకుండా తిన్నాడు. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి, "ఒచ్చిందేటి?" అని అడిగేవాడు. రాలేదంటే, "పోన్లే, రేపు వస్తాది" అని నిమ్మళంగా వెళ్ళి కుర్చీలో వాలేవాడు. ఈయన సహనం నాకుంటే బాగుణ్ణు అనుకున్నాను. సహనమట!

సోమవారం పొద్దున్న, అంటే మీటింగుకి ముందు రోజు, ఇక ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని, రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. మూడు గీతలు, ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. పేరు ఉంది. తేదీ ఉంది. నా దాంట్లో జూన్ ఒకటి. ఆయన దాంట్లో ఆగస్టు ఎనిమిది.

ఓలమ్మో! తేదీ ఇంకా రాని పేజీని ఈ జనరేటర్ వండదు. పక్కన పెట్టేస్తుంది, పెట్టానని చెప్పదు. ఆ రోజు వచ్చాక మళ్ళీ అడిగితేనే వండుతుంది. ఈ ముక్క పిల్లలకి నేనే చెబుతాను, రెండో యూనిట్లో. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

"మావయ్యా!" అని అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. "ఆగస్టు ఎనిమిదేటి?"

"శ్రావణ శుక్రవారం" అన్నాడు పెరట్లోంచి వస్తూ. "పంతులుగారిని అడిగాను. రేపో మాపో మూఢం వస్తాది, ఆ తరవాత ఆషాడం. మంచి రోజు నేదమ్మా."

"ఇల్లు కడుతున్నామా? పెళ్ళి చేస్తున్నామా? తప్పు ఒప్పుకోడానికి ముహూర్తమేమిటి మావయ్యా!"

"కొత్త పని కదా, రోజు సూసుకోవాల."

ఆయనతో వాదించడం ఆపి ఇంకో పని చేశాను. నేను సైటుని నెట్టుకి పంపిన ప్రతిసారీ ఏ ఫైల్లో ఏ లైను ఎప్పుడు మారిందో మొత్తం దాచిపెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. అన్ని రోజులూ నా మార్పులే వెతుక్కున్నాను గానీ ఆయన ఫైలు వంక చూడలేదు. ఇప్పుడు చూశాను. మొదట తేదీ జూన్ ఒకటి. మే ముప్పై ఒకటిన అది జూన్ అయిదయింది. జూన్ నాలుగున అది ఎనిమిదయింది. ఏడో తారీకున ఏకంగా ఆగస్టులోకి దూకింది.

తెర ఆయన వేపు తిప్పి నాలుగు తేదీలూ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తను చెరిపేసినవి కూడా అందులో ఉంటాయని ఆయనకి తెలీదు.

"జూన్ అయిదు దశమి. మంచి రోజు కాదా?"

"మంచిదే."

"మరెందుకు మార్చారు?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దగ్గరకొచ్చీసింది" అన్నాడు.

నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఒళ్ళు మండింది. "నేనిక్కడ నీళ్ళు తాగకుండా వెతుకుతున్నాను. రోజూ గుమ్మంలో నిలబడి వచ్చిందా అని అడిగారే! రాదని మీకు తెలుసు. రాలేదంటే నిమ్మళంగా కుర్చీలో వాలేవారు. రేపు ఆ ధర్మేంద్ర మీటింగులో తల దించుకుని నిలబడాలి, శ్రావణంలో మీరు ముహూర్తం చూసుకుని నిజం చెబుతారు. అంతేనా?"

 నేను తేదీ మార్చలేదు. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చింది, అయినా కదల్లేదు. చివరికి ఆయన ఆగస్టుని చెరిపి ఒక్క వేలితో ఆ రోజు తేదీ వేశాడు. ఎంటరు కొట్టాడు. నలభై మిల్లీసెకన్లు. పేజీ వచ్చింది. పైన పేరు, దాని కింద ఆ థీము అన్ని పేజీలకీ వేసే లైను: చదవడానికి 2 నిమిషాలు.

"రెండు నిమిసాలేనేటి" అన్నాడు.

సాయంత్రం కరెంటు వచ్చాక సైటుని నెట్టుకి పంపి, నా ఫోన్లో తెరిచి చూశాను. వచ్చింది. "పదండి, కూర్మయ్యగారికి ముందు చూపిద్దాం. ఈ వేళప్పుడు దాలమ్మ టీ కొట్టు దగ్గర పేపరు చదువుకుంటూ ఉంటారు."

మావయ్య కదల్లేదు.

"ఆడికి సదువు రాదమ్మా."

"రోజూ పేపరు పట్టుకుంటారు కదా?"

"బొమ్మలు సూస్తాడు. సంతకం ఒక్కటే ఒచ్చు. బస్సుల ఉన్నప్పుడు బోర్డులు, ఉత్తరాలు అన్నీ నానే సదివీవోణ్ణి."

 లైకులు వద్దన్నాడు, కామెంట్లు వద్దన్నాడు. నేను పెద్ద మనిషి పద్ధతి అనుకున్నాను. చదవడం రాని మనిషికి క్షమాపణ రాసి, ఎవరూ తొక్కని చోట పెట్టి, తేదీ శ్రావణంలో వేసి, ఆ పని నాచేత చేయించుకున్నాడు! ఆ సైటు పదేళ్ళున్నా కూర్మయ్యకి అందులో ఒక్క ముక్క తెలీదు, ఈయనకి మాత్రం చెప్పేశానన్న తృప్తి ఉంటుంది.

"చొక్కా వేసుకోండి" అన్నాను.

"కుమారీ..."

"వేసుకోండి మావయ్యా. రాసిందే కదా, చదవండి. దానికి నోరు రాకపోవడమేమిటి!"

ఎండ ఇంకా దిగలేదు. మూడు వీధులూ నడిచాం. దాలమ్మ కొట్టు ముందు రెండు బెంచీలు. ఒక దాని చివర కూర్మయ్య, మోకాళ్ళ మీద పేపరు పరుచుకుని. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఆ కొట్టులోనే టీ తాగుతారు, ఒకరిది ఈ బెంచీ, ఒకరిది ఆ బెంచీ. ఆ వేళ మావయ్య వెళ్ళి కూర్మయ్య బెంచీ మీద కూర్చుంటే, దాలమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఫోను ఆయన చేతిలో పెట్టాను.  చదవడం మొదలుపెట్టాడు, మెల్లగా, గొణిగినట్టు, కూర్మయ్య ఒక్కడికే వినబడేలాగ. "గంట కొట్టింది నేనే" అన్న చోట ఆగాడు. దగ్గి, మళ్ళీ అక్కణ్ణుంచే చదివి పూర్తి చేశాడు.

కూర్మయ్య ఏడుస్తాడో, చెంప మీద కొడతాడో అని నేను బిగుసుకుని చూస్తున్నాను. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

"ఒరే జగన్నాధం, ఇది నాకెందుకురా సదవతన్నావు? గంట ఇన్నోణ్ణి నానే కదా."

మావయ్య ఫోను మీంచి తల ఎత్తాడు.

"నాకు తెలిసిందే నాకు సెవుల సెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేటి నీకు? ఆళ్ళకి సదువు." చెయ్యి చాచి అవతలి బెంచీని, దాలమ్మని, రోడ్డవతల ఆటోల వాళ్ళని చూపించాడు. "లెగిసి నిలబడి సదువు. గట్టిగా."

మావయ్య లేచాడు. నిలబడి చదివాడు. దాలమ్మ పాలగిన్నె దించేసింది. అవతలి బెంచీ మీద మర్నాటి మీటింగుకి వెళ్ళే తండ్రులు ఇద్దరున్నారు, టీ గ్లాసులు చేతిలో ఉండగానే విన్నారు. అయిపోయాక ఆటోల వాళ్ళు రోడ్డు దాటి వచ్చి "ఏటి, ఏటయినాది?" అని అడిగారు.

"మొదట్నించి సదువు" అన్నాడు కూర్మయ్య.

మావయ్య మొదట్నుంచి చదివాడు. మిల్లు వదిలిన టైము, ఇంకో పదిమంది పోగయ్యారు. నాలుగు థీములు మార్చి, మూడు వారాలు ప్రాణం తీసుకుని నేను కట్టిన సైటుని ఆ సాయంత్రం ఒక్కరంటే ఒక్కరు తమ ఫోన్లో తెరవలేదు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"మళ్ళీ" అన్నాడు కూర్మయ్య.

మూడోసారి సగంలో నా ఫోను చార్జింగు అయిపోయి తెర నల్లబడింది. మావయ్య ఒక్క క్షణం ఆ నల్ల తెర వంక చూసి, ఫోను నా చేతిలో పెట్టేశాడు. ఆగలేదు.

"గంట కొట్టింది నానే" అన్నాడు. "గుమ్మం ఏపు సూడనేదు. తాడు రెండుసార్లు లాగీసాను. ఈడి తప్పు నేదు."

"ఎనకాలోళ్ళకి ఇనబడనేదు" అన్నాడు కూర్మయ్య. "ఇంకా గట్టిగా."